వ్యాయామం చేసేవారి గుండె వేగం గురించి తిరుపతి, చిత్తూరు జిల్లాల అధికారులకు, జిమ్ యజమానులకు, వైద్యులకు బహిరంగ లేఖ

తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో ప్రజారోగ్యం, పురపాలన, క్రీడలు, విద్య బాధ్యతలు చూస్తున్న అధికారులకు, జిమ్‌లు నడుపుతున్న యజమానులకు, శిక్షకులకు, బీపీకి, గుండెజబ్బుకు మందులు రాస్తున్న వైద్యులకు నమస్కారం.

నేను ప్రభుత్వ పాఠశాలల్లో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి. తిరుపతిలో ఉదయం నడకకు వచ్చే పెద్దవాళ్ళతో, జిమ్‌లకు వెళ్ళే కొందరు యువకులతో కలిసి, ఒక అర్జీ రాసి సంబంధిత కార్యాలయంలో ఇచ్చాను. వ్యాయామం చేసేటప్పుడు గుండె ఎంత వేగంగా కొట్టుకోవచ్చు, ఏ లక్షణం కనబడితే వెంటనే ఆగిపోవాలి, ఆగాక ఏం చేయాలి అన్న మూడు సంగతులను వ్యాయామం జరిగే ప్రతిచోటా తెలుగులో రాసి పెట్టించమని, అక్కడ పనిచేసేవారికి నేర్పించమని అందులో అడిగాం. అర్జీ తీసుకుని రసీదు ఇచ్చారు. జవాబు రాలేదు. మళ్ళీ వెళ్ళి అడిగితే ఇది తమ పరిధిలోకి రాదని, వేరే శాఖను అడగాలని చెప్పారు. ఆ వేరే శాఖ వారు మమ్మల్ని తిరిగి మొదటి చోటికే పంపారు. ఏ శాఖ పరిధిలోకీ రాని విషయం కాదు గనుక, అందరినీ ఒకేసారి సంబోధిస్తూ ఈ లేఖను బహిరంగంగా రాస్తున్నాను.

ఒక మాట ముందే స్పష్టం చేయాలి. వ్యాయామం ప్రమాదమని చెప్పడానికి నేను ఈ లేఖ రాయడం లేదు. పెద్దవారు వారానికి 150 నుంచి 300 నిమిషాలు మధ్యస్థమైన శ్రమ గానీ, 75 నుంచి 150 నిమిషాలు తీవ్రమైన శ్రమ గానీ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. అది మన ఊరివారికీ వర్తిస్తుంది. 2021 అక్టోబరులో కన్నడ నటుడు పునీత్ రాజ్‌కుమార్ 46 ఏళ్ళకే, 2022 ఫిబ్రవరిలో మన రాష్ట్ర మంత్రి మేకపాటి గౌతమ్ రెడ్డి 50 ఏళ్ళకే గుండె ఆగి చనిపోయారు. 2023 జనవరిలో మన కుప్పంలోనే, పాదయాత్రలో నడుస్తూ నటుడు నందమూరి తారకరత్న కుప్పకూలిపోయి, ఆ తర్వాత కొద్ది వారాలకు 39 ఏళ్ళ వయసులో కన్నుమూశారు. వారి వారి ఆరోగ్య కారణాలు వేరు, వాటి జోలికి నేను పోను. కానీ ఇలాంటి వార్త వచ్చిన ప్రతిసారీ మన ఊళ్ళలో నడకకు వచ్చేవారు సగమైపోతారు, జిమ్‌కు వెళ్ళే పిల్లలను తల్లులు ఆపేస్తారు, పది పదిహేను రోజులు గడిచాక అంతా మర్చిపోయి ఏమీ నేర్చుకోకుండానే మళ్ళీ మొదలుపెడతారు. భయపడి మానేయడం వల్ల కీడే జరుగుతుంది, ఏమీ తెలియకుండా తిరిగి మొదలుపెట్టడం వల్ల కూడా కీడే జరుగుతుంది. తీవ్రమైన శ్రమ వల్ల గుండెపోటు వచ్చే అవకాశం, రోజూ కదిలేవారికంటే ఏళ్ళ తరబడి కూర్చుని ఒక్కసారిగా లేచి పరుగెత్తేవారిలోనే ఎన్నో రెట్లు ఎక్కువ. దక్షిణాసియా వారికి తొలి గుండెపోటు సగటున 53 ఏళ్ళకే వస్తోందని, మిగతా దేశాలవారికి అది దాదాపు 59 ఏళ్ళకు వస్తోందని అనేక దేశాల్లో జరిగిన పెద్ద అధ్యయనం చూపింది. మనకు ఆ ఆరేళ్ళ వెసులుబాటు లేదు.

మా పరిశీలనలో తేలిన విషయాలను, వాటి వల్ల మామూలు మనుషులకు జరుగుతున్నదాన్ని మీ ముందు పెడుతున్నాను.

1. గోడ మీది పట్టిక గురించి. చాలా జిమ్‌లలో ట్రెడ్‌మిల్‌కు ఎదురుగా రంగుల పట్టిక ఒకటి అతికించి ఉంటుంది. ఒకవైపు వయసు, మరోవైపు గుండె వేగం, మధ్యలో పచ్చ, పసుపు, ఎరుపు పట్టీలు ఉంటాయి. రాత మొత్తం ఇంగ్లీషులోనే ఉంటుంది. దాని వెనుక ఉన్న లెక్క ఒక్కటే: 220 లోంచి మీ వయసు తీసేస్తే మీ గుండె కొట్టుకోగల గరిష్ఠ వేగం వస్తుంది. యాభై ఏళ్ళవారికి అది నిమిషానికి 170. ఈ సూత్రం 1971లో అమెరికాలో ఫాక్స్, ఆయన సహచరులు రాసిన ఒక వ్యాసం ద్వారా ప్రచారంలోకి వచ్చింది. అప్పటికే ఉన్న ఫలితాలను ఒకచోట చేర్చి గీసిన స్థూలమైన గీత అది, ఒక్కొక్క మనిషికి కొలతగా వాడమని చేసిన ప్రయోగం కాదు. 2001లో టనాకా బృందం వేలమంది వివరాలు చూసి, వయసును 0.7తో గుణించి 208 లోంచి తీసేయాలని మరో సూత్రం చెప్పింది. డెబ్బై ఏళ్ళ మనిషికి మొదటి లెక్క 150 అంటుంది, రెండో లెక్క 159 అంటుంది. ఏ సూత్రం తీసుకున్నా అది సగటే. అటూ ఇటూ పది, పన్నెండు తేడా ఉండడం మామూలే, అంతకు మించి తేడా ఉన్న ఆరోగ్యవంతులూ ఎందరో ఉన్నారు. అంటే యాభై ఏళ్ళవారు ఇద్దరిలో ఒకరి గుండె ఎంత పరిగెత్తినా 155 దాటకపోవచ్చు, మరొకరిది 185కు చేరవచ్చు, ఇద్దరికీ ఏ జబ్బూ లేకపోవచ్చు. ఇది తెలియక కొందరు 172 కనబడగానే ప్రాణభయంతో ఆసుపత్రికి పరుగెత్తుతున్నారు. మరికొందరు ఎరుపు పట్టీకి చేరలేదని తమను తాము హింసించుకుంటున్నారు.

పట్టికను పూర్తిగా తీసేయమని నేను అనడం లేదు. గరిష్ఠ వేగంలో 50 నుంచి 70 శాతం వరకు మధ్యస్థ శ్రమ, 70 నుంచి 85 శాతం వరకు తీవ్ర శ్రమ అన్న అమెరికన్ హార్ట్ అసోసియేషన్ లెక్క కొత్తగా మొదలుపెట్టేవారికి దారి చూపడానికి పనికొస్తుంది. కానీ దాని పక్కనే ఇంకో మాట తెలుగులో రాసి ఉండాలి: నడుస్తూ పక్కవారితో మాట్లాడగలిగి, పాట మాత్రం పాడలేకపోతుంటే అది మధ్యస్థ శ్రమ, రెండు మూడు మాటలకే ఊపిరి అందక ఆగాల్సివస్తే అది తీవ్ర శ్రమ. ఇందుకు వాచీ అక్కర్లేదు, చదువు కూడా అక్కర్లేదు.

2. బీపీ మాత్రలు వేసుకునేవారి గురించి. ఈ లేఖ మొత్తంలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా కలవరపెట్టే విషయం ఇదే. మెటోప్రొలాల్, అటెనొలాల్, బిసోప్రొలాల్, ప్రొప్రనొలాల్ వంటి మందులు బీటా బ్లాకర్లు అనే వర్గానికి చెందినవి. బీపీకి, గుండెజబ్బుకు, కొందరికి గుండెదడకు, వణుకుకు, తలనొప్పికి కూడా వాటిని రాస్తారు. గుండె వేగాన్ని పెరగనివ్వకపోవడమే వాటి పని. అవి వేసుకునే మనిషి ఎంత కష్టపడినా నాడి పట్టికలోని అంకెకు చేరదు, చేరకూడదు కూడా. అలాంటివారికి గోడ మీది పట్టిక ఎందుకూ కొరగాదు. ఎంత శ్రమగా అనిపిస్తోంది, మాట్లాడగలుగుతున్నారా అన్నదే వారికి కొలత.

నాకు బాగా తెలిసిన ఒకాయన, ఒక బట్టల దుకాణంలో లెక్కలు రాసే మనిషి, యాభై దాటాక డాక్టరు చెప్పారని జిమ్‌లో చేరారు. ఆయన రోజూ మెటోప్రొలాల్ వేసుకుంటారు. చేర్చుకునేటప్పుడు ఫోటో, ఆధార్, మూడు నెలల ఫీజు అడిగారు గానీ, ఏ మందులు వాడుతున్నారని అడగలేదు. ఒకరోజు ట్రెడ్‌మిల్ తెర మీద 118 కనబడుతుంటే శిక్షకుడు వచ్చి పట్టిక చూసి, "సార్, మీరింకా పసుపులోకే రాలేదు, కొంచెం పెంచుదాం" అని ఎత్తు పెంచాడు. ఆయన రెండు చేతులతో పక్క కడ్డీలను పట్టుకుని, తల వంచుకుని నడిచారు. చొక్కా వీపుకు అతుక్కుపోయింది, పెదవుల రంగు మారింది. మూడు నాలుగు నిమిషాల తర్వాత దిగి బల్ల మీద కూర్చుని, గుండెల మీద ఏదో బరువు పెట్టినట్టుందని, ఎడమ చెయ్యి లాగుతోందని చెప్పారు. "గ్యాస్ అయ్యుంటుంది సార్, నిమ్మసోడా తాగండి" అన్నాడు శిక్షకుడు. ఆయన సోడా తాగి, స్కూటరు నడుపుకుంటూ ఇంటికి వెళ్ళారు. ఆ రాత్రి నొప్పి దవడ దాకా పాకితే ఆసుపత్రికి తీసుకువెళ్ళారు, స్టెంటు వేశారు. బతికారు. పని మాత్రం చాలాకాలం చేసుకోలేకపోయారు. చదువుకుంటున్న కూతురి ఫీజుకు బంగారం తాకట్టు పెట్టారు. ఆ శిక్షకుణ్ణి నేను తప్పుపట్టను. పాతికేళ్ళు కూడా నిండని ఆ అబ్బాయికి 118 అనే అంకె ఆ మనిషి విషయంలో ఎంత పెద్దదో ఎవరూ చెప్పలేదు. చెప్పవలసినవారు మీరు.

దీనికి ఇంకో ముఖం ఉంది. మాత్ర వేసుకుంటే నాడి పెరగడం లేదని, వ్యాయామం ఒంటికి పట్టడం లేదని తమంతట తామే మాత్ర మానేస్తున్నవారు ఉన్నారు. ఈ మందులను ఉన్నట్టుండి ఆపితే గుండెనొప్పి, గుండెపోటు కూడా రావచ్చు. ఈ మాట చెప్పాల్సింది మందు రాసిన వైద్యులే.

3. అంకె ఒక్కటే ప్రమాద సూచిక కాదని ఎవరూ చెప్పకపోవడం గురించి. పాతికేళ్ళ ఆరోగ్యవంతుడు పరుగెత్తేటప్పుడు 175 ఉన్నా కంగారు పడనక్కర్లేదు. యాభై ఏళ్ళ మనిషికి 110 ఉండగానే ఛాతీ పట్టేసినట్టుంటే అది అత్యవసర పరిస్థితి. కాబట్టి చూడవలసినవి ఇవి: ఛాతీలో నొప్పి, బరువు, బిగింపు, ఎడమ చేతికో, భుజానికో, వీపుకో, దవడకో పాకే నొప్పి, చేస్తున్న పనికి పొంతన లేని ఆయాసం, చల్లని చెమటలు, వాంతి వచ్చేట్టు ఉండడం, కళ్ళు బైర్లు కమ్మడం, గుండె లయ తప్పి కొట్టుకుంటున్నట్టు, మధ్యలో ఆగి తన్నినట్టు అనిపించడం. వీటిలో ఏది వచ్చినా అంకెతో పని లేకుండా ఆగిపోవాలి. ఆగాక ఐదు నిమిషాలకు కూడా నొప్పి తగ్గకపోతే సొంతంగా బండి నడుపుకుంటూ పోకుండా 108కి ఫోన్ చేయాలి. షుగర్ ఉన్నవారిలో, ఆడవారిలో నొప్పి స్పష్టంగా రాకపోవచ్చు. విపరీతమైన నీరసం, ఆయాసం, పొట్ట పైభాగంలో మంట రూపంలోనే రావచ్చు. గ్యాస్ అనుకుని ఆలస్యం చేసుకుంటున్నవారిలో ఎక్కువమంది వీరే. గడ్డకట్టిన రక్తాన్ని కరిగించే ఇంజెక్షన్‌ను ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా ఇచ్చే స్టెమీ కార్యక్రమం మన రాష్ట్రంలో ఉంది, తిరుపతిలో రుయా, స్విమ్స్ వంటి పెద్ద ఆసుపత్రులున్నాయి. ఇవన్నీ ఉండి కూడా రోగి నిమ్మసోడా దగ్గరే గంట పోగొట్టుకుంటే ఆ సదుపాయాలకు అర్థం ఉండదు.

వ్యాయామం ఆపాక నాడి ఎలా దిగుతోందన్నది కూడా ముఖ్యం. గట్టిగా శ్రమపడి ఆపిన తర్వాత మొదటి నిమిషంలో నాడి పన్నెండు కంటే ఎక్కువగా తగ్గాలి. పన్నెండు గానీ, అంతకంటే తక్కువ గానీ తగ్గేవారికి మున్ముందు ప్రమాదం ఎక్కువని 1999లో వెలువడిన అధ్యయనం చూపింది. ఒకరోజు తగ్గలేదని బెంబేలెత్తనక్కర్లేదు. అదే పనిగా తగ్గకపోతుంటే, విశ్రాంతిగా కూర్చున్నప్పుడు కూడా నాడి తరచూ వంద దాటుతుంటే వైద్యుణ్ణి కలవాలి. రక్తహీనత ఉన్నవారికి, థైరాయిడ్ ఎక్కువగా ఉన్నవారికి, జ్వరం వచ్చి తగ్గినవారికి నాడి వేగంగానే ఉంటుంది. మన రాష్ట్రంలో సగానికి పైగా ఆడవారు రక్తహీనతతో ఉన్నారని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చెబుతున్నాయి. నాలుగు మెట్లెక్కితే గుండె దడదడలాడుతోందని చెప్పే ఇల్లాలికి "బరువు తగ్గాలమ్మా" అని సలహా ఇచ్చే ముందు హిమోగ్లోబిన్ పరీక్ష రాయడం న్యాయం. జ్వరం ఉన్న రోజుల్లో, తగ్గిన వెంటనే బరువులు ఎత్తడం, పరుగెత్తడం వద్దని ప్రతి జిమ్‌లోనూ చెప్పాలి. కొన్ని వైరస్ జ్వరాలు గుండె కండరాన్నే వాచేలా చేస్తాయి.

4. పిల్లలు, ఉద్యోగాల కోసం పరుగెత్తే యువకుల గురించి. కానిస్టేబుల్ పరీక్షలో 1,600 మీటర్ల పరుగు ఉంటుంది. దానికోసం మైదానాల్లో, రోడ్ల మీద తెల్లవారకముందే పరుగెత్తే పిల్లలను రోజూ చూస్తున్నాం. వారిలో చాలామంది పల్లెల నుంచి వచ్చి గదులు అద్దెకు తీసుకుని, ఒక పూట తిని, ఖాళీ కడుపుతో పరుగెత్తుతారు. పరుగెత్తుతూ ఉండగానే స్పృహ తప్పి పడిపోయిన పిల్లవాడికి నీళ్ళు చల్లి, గ్లూకోజు తాగించి, మర్నాడు మళ్ళీ పరుగెత్తిస్తున్నారు. పరుగు ముగించి నిలబడ్డాక కళ్ళు తిరగడం వేరు. ఒక్కసారిగా ఆగిపోతే రక్తం కాళ్ళలో నిలిచిపోవడం వల్ల అలా జరగవచ్చు, అందుకే మెల్లగా నడుస్తూ ఆగాలి. శ్రమ మధ్యలో స్పృహ తప్పడం మాత్రం గుండె కండరం పుట్టుకతో మందంగా ఉండడానికో, గుండె విద్యుత్ లయలో లోపానికో గుర్తు కావచ్చు. అలాంటి పిల్లవాడికి, ఇంట్లో ఎవరైనా యాభై ఏళ్ళలోపే హఠాత్తుగా చనిపోయిన చరిత్ర ఉన్న పిల్లవాడికి ఈసీజీ, ఎకో చేయించి వైద్యుడు సరేనన్న తర్వాతే మైదానంలోకి రానివ్వాలి. ఉద్యోగం రాకపోతే ఇల్లు గడవని కుటుంబాల పిల్లలు వీరు. పడిపోయిన సంగతి ఇంట్లో చెప్పరు, చెబితే ఆపేస్తారన్న భయం. కాబట్టి శిక్షణ ఇచ్చేవారే చూసుకోవాలి.

5. ఎండ గురించి. వేసవిలో తిరుపతిలో ఎండ 40 డిగ్రీలు దాటడం మనకు కొత్త కాదు. ఒంటిని చల్లబరచడానికి రక్తం చర్మానికి వెళ్ళాలి, చెమటతో నీరు తగ్గుతుంది. దాంతో అదే వేగంతో నడిచినా నాడి చల్లని రోజుకంటే పది, ఇరవై ఎక్కువగా కొట్టుకుంటుంది. రేకుల కప్పు కింద, కిటికీలు లేని పై అంతస్తుల్లో నడిచే జిమ్‌లలో సాయంత్రం ఐదింటికి కూడా గోడలు సెగలు కక్కుతుంటాయి. అందులో కొందరు కొవ్వు కరుగుతుందని ప్లాస్టిక్ కోట్లు తొడుక్కుని పరుగెత్తుతున్నారు. దాంతో పోయేది నీరే తప్ప కొవ్వు కాదు.

6. కొండ మెట్ల గురించి. అలిపిరి దారిలో 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో 2,388 మెట్లు ఉన్నాయి. మెట్లు ఎక్కడం తీవ్రమైన వ్యాయామమే. ఎక్కేవారిలో చాలామందికి అది ఆ ఏడాది మొత్తంలో చేసే ఏకైక వ్యాయామం. రాత్రంతా బస్సులో కూర్చుని, నిద్ర లేక, మొక్కు గనుక ఏమీ తినకుండా, ఉదయపు మాత్రలు సంచిలోనే ఉంచుకుని ఎక్కడం మొదలుపెడతారు. గాలిగోపురం దాకా నిలువుగా ఎక్కి, తర్వాత చదునుగా ఉన్న దారిలో తేరుకున్నామనుకుని, మోకాళ్ళ పర్వతం దగ్గర మళ్ళీ వేగం పెంచుతారు. అరవై దాటినవారు, షుగర్, బీపీ వంటి జబ్బులున్నవారు నడిచి ఎక్కకపోవడం మంచిదని తిరుమల తిరుపతి దేవస్థానం 2024లో సూచన చేసింది, దారిలో వైద్య సదుపాయమూ ఉంది. ఆ సూచన మెట్టు మీద నిలబడి రొప్పుతున్న భక్తుడికి కనబడేలా ఉండాలని నా విన్నపం. ఆగి విశ్రాంతి తీసుకోవడం మొక్కుకు భంగం కాదని దేవస్థానమే చెబితే జనం వింటారు; మేము చెబితే వినరు.

7. వాచీలు, పొడుల గురించి క్లుప్తంగా చెబుతాను. చేతి వాచీ చర్మం మీద కాంతి వేసి రక్త ప్రవాహాన్ని అంచనా వేస్తుంది. పట్టీ వదులుగా ఉన్నా, చేయి ఊగుతున్నా, చెమట పట్టినా తప్పు చూపిస్తుంది. ఒక్కోసారి అడుగుల లయనే నాడిగా లెక్కపెడుతుంది. అనుమానం వస్తే ఆగి, బొటనవేలు కాకుండా చూపుడు, మధ్య వేళ్ళను మణికట్టు మీద బొటనవేలి వైపు ఆనించి, పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించాలి. లయ తప్పినట్టుంటే నిమిషం పాటు లెక్కపెట్టాలి. ఇక, వ్యాయామానికి ముందు తాగమని కొన్ని జిమ్‌లు అమ్ముతున్న పొడుల్లో ఒక్క చెంచాలోనే రెండు మూడు కప్పుల కాఫీకి సరిపడా కెఫీన్ ఉంటుంది. కండలకోసం ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్లు గుండె కండరాన్ని దెబ్బతీస్తాయి. వైద్యుడి చీటీ లేకుండా అవి జిమ్ గదిలో ఎలా దొరుకుతున్నాయో తనిఖీ చేయవలసిన అధికారం మీ చేతుల్లో ఉంది.

8. మనిషి పడిపోయిన తర్వాత జరుగుతున్నదాని గురించి. గుండె ఆగి పడిపోయిన మనిషి కొన్నిసార్లు గురక లాంటి శబ్దంతో ఎగశ్వాస తీస్తాడు, కాళ్ళు చేతులు కొట్టుకుంటాడు. చుట్టూ ఉన్నవారు ఫిట్స్ అనుకుని చేతిలో తాళాలగుత్తి పెడతారు, నోట్లో నీళ్ళు పోస్తారు. గుండె లయను సరిచేసే షాక్ ఆలస్యమయ్యే ఒక్కొక్క నిమిషానికి బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గిపోతుంది. 108 సేవ 2005 నుంచి మనకు ఉంది, ఆ సిబ్బంది చేసే మేలు మరువలేనిది. అయినా సాయంత్రం లీలామహల్ కూడలి దాటి వచ్చే వాహనానికి కొన్ని నిమిషాలు పట్టక తప్పదు. ఆ నిమిషాల్లో పక్కనున్నవాడు ఛాతీ మధ్యలో రెండు చేతులతో, కనీసం ఐదు సెంటీమీటర్ల లోతుకు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కుతూ ఉండాలి. దీన్ని నేర్పడానికి ఒక పూట చాలు.

ఈ కారణాల వల్ల మేము కోరుతున్నవి ఇవి.

1. నగరపాలక సంస్థ, పురపాలక సంఘాలు జిమ్‌లకు ట్రేడ్ లైసెన్సు ఇచ్చేటప్పుడు, రెన్యువల్ చేసేటప్పుడు రెండు షరతులు పెట్టాలి. జిమ్ తెరిచి ఉన్నంతసేపూ గుండె తిరిగి కొట్టుకునేలా ఛాతీ నొక్కడం నేర్చుకున్న మనిషి ఒకరైనా అక్కడ ఉండాలి. మూడో అంశంలో నేను రాసిన లక్షణాల జాబితా, 108 నంబరు, దగ్గరి ఆసుపత్రి పేరు పెద్ద తెలుగు అక్షరాల్లో గోడ మీద ఉండాలి. సరిహద్దు మండలాల్లో తమిళంలో, కన్నడంలో కూడా ఉండాలి.

2. జిమ్ యజమానులు చేర్చుకునే ముందు ఒక పేజీ తెలుగు ప్రశ్నపత్రం నింపించాలి. గుండెజబ్బు, బీపీ, షుగర్ ఉన్నాయా, శ్రమపడినప్పుడు ఛాతీ నొప్పి వస్తుందా, ఎప్పుడైనా స్పృహ తప్పారా, ఇంట్లో చిన్నవయసులో హఠాన్మరణాలు ఉన్నాయా, ఏ మందులు వాడుతున్నారు అన్నవి అందులో ఉండాలి. దేనికైనా అవునని వస్తే వైద్యుడి చీటీ తెచ్చాకే మొదలుపెట్టించాలి. దీనికి కాగితం ఖర్చు తప్ప వేరే ఖర్చు లేదు గనుక, అధికారుల ఉత్తర్వు కోసం ఆగకుండా వచ్చే నెల చేరికల నుంచే అమలు చేయమని యజమానులను విడిగా కోరుతున్నాను.

3. నడకదారులున్న పార్కుల్లో, క్రీడా సముదాయాల్లో, విశ్వవిద్యాలయ మైదానాల్లో గుండెకు షాక్ ఇచ్చే ఏఈడీ యంత్రాలు పెట్టాలి. వాటిని తాళం వేసిన గదిలో కాకుండా అందరికీ అందేచోట ఉంచాలి, వాడటం తెలిసిన కాపలాదారుడి ఫోన్ నంబరు దాని మీదే రాయాలి. ఏప్రిల్, మే నెలల్లో పార్కుల గేట్లు తెల్లవారుజామునే తెరిచి, దీపాలు, తాగునీరు ఏర్పాటు చేయాలి.

4. వైద్యులు బీటా బ్లాకర్ రాసిన ప్రతిసారీ, "ఈ మందు వేసుకుంటే నాడి పెద్దగా పెరగదు, దాన్ని పెంచాలని చూడవద్దు, చెప్పకుండా ఆపవద్దు" అన్న మూడు మాటలు చీటీ మీద తెలుగులో రాయాలి. యాభై దాటి కొత్తగా జిమ్‌లో చేరతానని చెప్పిన రోగికి ట్రెడ్‌మిల్ పరీక్ష అవసరమా కాదా అప్పుడే తేల్చి చెప్పాలి.

5. పాఠశాలల్లో వ్యాయామం పీరియడ్‌లో ఎనిమిదో తరగతి నుంచి నాడి చూడడం నేర్పాలి. ఇందుకు నేనూ, నాలాగే పదవీ విరమణ చేసిన మరికొందరు ఉపాధ్యాయులూ జీతం తీసుకోకుండా వచ్చి నేర్పడానికి సిద్ధంగా ఉన్నాం.

6. పోలీసు, సైన్యం ఉద్యోగాలకు పరుగు శిక్షణ ఇచ్చే కేంద్రాలను నమోదు చేసుకోమని ఆదేశించి, శ్రమ మధ్యలో స్పృహ తప్పిన అభ్యర్థికి ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా ఈసీజీ, ఎకో చేయించే ఏర్పాటు చేయాలి.

7. రెండు మెట్ల దారుల్లోనూ, ముఖ్యంగా గాలిగోపురానికి ముందు, మోకాళ్ళ పర్వతం మొదట్లో, ఆగవలసిన లక్షణాల బోర్డులు తెలుగు, తమిళ, కన్నడ, హిందీ భాషల్లో పెట్టాలి. మాత్రలు వేసుకోకుండా ఎక్కవద్దని అలిపిరిలోనే మైకులో చెప్పించాలి.

వీటిలో ఏది ఏ శాఖ పరిధిలోకి వస్తుందో తేల్చే పని ఇకమీదట మా మీద పెట్టవద్దు. జిల్లా స్థాయిలో ఒక అధికారిని ఇందుకు బాధ్యులుగా నియమించి, ఆయన పేరు, హోదా ప్రకటించండి. మొదటి రెండు కోరికల మీద ముప్పై రోజుల్లో రాతపూర్వకమైన జవాబు ఇవ్వండి. జవాబు రాకపోతే ప్రతి సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఈ లేఖనే అర్జీగా ఇస్తాం, జవాబు వచ్చేవరకు ఇస్తూనే ఉంటాం.

ఇట్లు,
విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు,
తిరుపతి